తోటబావి కథను తిరగేసిన పంతులమ్మ

పంతులమ్మ పోయిందన్న కబురు తెచ్చిన మనిషి ముందు కారణం చెప్పి, తర్వాత చావు చెప్పింది. మా ఇంటికి పాలు పోసే ఆమె. పొద్దున్నే చెంబు దించుతూ, "అమ్మవారు ఊకుంటదా దొరసానీ, తీస్కపోయింది," అన్నది. ఎవరినే అని అడిగితే, "ఇంకెవర్ని? పంతులమ్మను. తెల్లారంగ పాణం ఇడిచింది," అని పాలు పోసి, ఎప్పటిలాగే కొసరు కూడా వేసి వెళ్ళిపోయింది. నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పంతులమ్మే ఉండి ఉంటే ఆమెను వాకిలి దాటనిచ్చేది కాదు. "ఆగు. ఈ కథ చెప్పెటామె ఎక్కడ నిలబడి చెప్తున్నది?" అని అడిగేది. అలా అడిగే మనిషి లేదు కనుకే ఆ కథ అంత ధీమాగా మా వాకిట్లోకి వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళు సౌమ్యులనీ, నోట్లో నాలుక లేనివాళ్ళనీ రాయడం రివాజు. ఈమెకు నాలుక ఉండేది. నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. ఆమె నెగ్గేది, నెగ్గాక, "అవ్వా, జర చాయ్ పెట్టియ్యనా?" అని అడిగి ఇంకా ఉడికించేది.

మాది మర్రిగూడ పక్కన ఒక మెట్ట ఊరు. గుట్ట కింద గొర్రెలు కాసుకునే ఇళ్ళు ఒక గుంపుగా ఉంటాయి. ఆ ఇళ్ళలో నడివయసు దాటిన మనిషి నిటారుగా నడవడం నేను చూడలేదు. పిల్లల పళ్ళకు గోధుమరంగు చారలు పడతాయి. ఆ తర్వాత మోకాళ్ళు, నడుము, మెడ. ఇప్పుడు డాక్టర్లు దానికి ఏదో పేరు పెట్టారు. అప్పుడు మాకు తెలిసిన పేరు ఒకటే: శాపం. పంతులమ్మ ఆ ఇళ్ళ పిల్లే. మహబూబ్‌నగర్‌లో మేనత్త దగ్గర కొన్నేళ్ళు ఉండి మిషన్ బడిలో చదువుకుని, పోలీసు యాక్షన్ అయిన కొత్తలో మా ఊరి బడికే పంతులమ్మగా వచ్చి, తల్లితో గుట్ట కిందే కాపురం ఉన్నది. పుస్తకాలు మాత్రం మా ఇంట్లో పెట్టుకునేది. ఎందుకే అంటే, "ఆడ పెడ్తే గొర్లు తింటయి అవ్వా. చదివినా బాధ లేదు, తింటయి," అన్నది.

ఆ పుస్తకాల వంకతోనే నేను ఆమె బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. నేను చదువుకున్నది పట్నంలో, ఉర్దూలో. తెలుగు నవలలు వచ్చినవి వచ్చినట్టు చదివేదాన్ని. ఒకసారి ఒక నవలలో కోడలు గయ్యాళి అని నేనంటే, ఆమె నెమ్మదిగా, "ఆ కోడలు ఒక్కసారన్న మాట్లాడిందా అవ్వా? ఆమె గురించి చెప్పిందంతా అత్తనే గద," అన్నది. అప్పటికే నేను అత్తను, ఇద్దరు కోడళ్ళున్నారు. ఆ రోజు చాయ్ నేనే పెట్టుకున్నాను.

బడిలో ఒకటే కుర్చీ ఉండేది. కథ చెప్పే గంట వస్తే ఆమె దాన్ని ఖాళీ చేసి గోడ పక్కన నిలబడేది. కథలో ఎవరి తరఫున మాట్లాడాలనుకుంటే వాళ్ళు వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్నంతసేపు వాళ్ళు వాళ్ళు కారు, ఆ కథలో మనిషే. పంతులమ్మ కుర్చీలో పిల్లలు కూర్చోవడమా అని ఊరు ముక్కున వేలేసుకుంది. ఒకనాడు తనిఖీకి వచ్చిన దొర తలుపులోకి అడుగుపెట్టేసరికి గొర్రెల ఇంటి పిల్లవాడొకడు ఆ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "నా పిల్లలు తిని మూడొద్దులాయె. నేను మందల పడకపోతే ఎవడు పడాలె?" అని ఏడుస్తున్నాడు. వాడు తోడేలు.

"ఏమిటమ్మా ఇది? పిల్లలకు తోడేళ్ళ మీద జాలి నేర్పుతున్నారా?" అన్నాడు దొర.

"లేదు సార్. గొర్రెలకు తెలివి నేర్పుతున్న," అన్నది.

మాటల వేళ్ళు తవ్వడం ఇంకొక పిచ్చి. సంస్కృతం వైపు ఆమె, ఉర్దూ వైపు నేను. ఫికర్ అంటే మొదట ఆలోచన అనే అర్థమనీ, తర్వాతే బెంగ అయిందనీ నేను చెబితే ఎంత సంబరపడిందో. "అయితే మనోళ్ళు ఫికర్ చెయ్యకు అన్నప్పుడల్లా ఆలోచన చెయ్యకు అంటున్నరు అన్నట్టు!" అని నవ్వింది. దృష్టి అన్న మాటే జనం నోట్లో పడి దిష్టి అయిందని పిల్లలకు చెప్పేది. "సూపు ఒక్కతానే పాతుకపోతే గట్లనే విషమైతది. అందుకే జాగా మారి సూడుండ్రి," అనేది. కథలో కొట్లాట ఎక్కడుందో వెతకమన్నప్పుడు పిల్లలు ఎప్పుడూ ఇద్దరు మనుషులను చూపించేవాళ్ళు: రాజు, దొంగ, అత్త, కోడలు. ఆమె తల అడ్డంగా ఊపేది. "బయట కొట్లాట సప్పుడు చేస్తది, అందుకే కనపడ్తది. లోపలిది సప్పుడు చెయ్యదు. అదే మనిషిని తింటది."

ఇవన్నీ చదువుకున్న ఆడపిల్ల ముద్దుమాటలని నేను అనుకుంటున్న రోజుల్లోనే ఆమె తమ్ముడికి కూతురు పుట్టింది. పంతులమ్మకు పెళ్ళి లేదు. ఆ పిల్లే ఆమె లోకం. ఒకరోజు పిల్లను చంకనేసుకుని వచ్చి, మా వసారాలో కూర్చుని, "అవ్వా, మీ ఇంట్ల ఎవ్వరి నడుమన్న వంగిందా?" అని అడిగింది.

"నా నాలుక తప్ప మా ఇంట్లో ఏదీ వంకర లేదు," అన్నాను.

"పటేలు ఇంట్ల?"

"పాపానికి నడుములు వంగేదే అయితే ఆ పటేలు ఈపాటికి విల్లయ్యేవాడు. రాతిస్తంభంలా ఉన్నాడు."

"మీ ఇల్లు, పటేలు ఇల్లు, తోటబావి నీళ్ళు తాగుతయి. మేము గుట్టబావి నీళ్ళు. మా మేనత్త గుట్ట కిందనే పుట్టింది, సిన్నప్పుడే మహబూబ్‌నగర్ ఇచ్చిండ్రు. ఆమె తాటిచెట్టు తీరు నడుస్తది. అవ్వా, ఇది శాపం కాదు. నీళ్ళు." ఒళ్ళో పిల్ల పెదవి వేలితో ఎత్తి చూపింది. అప్పుడే మొలుస్తున్న పాలపళ్ళు, తెల్లగా ఉన్నాయి. "ఇవి రాలి కొత్తవి వచ్చే లోపల ఈ పిల్ల నోట్లె గుట్టబావి నీళ్ళు పడకుండ చేస్త. నాకు ఇంకేం వద్దు."

ఆమె కోరింది అంతే. ఇక నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క పిల్ల దాహం గురించి.

శాపం కథ మా ఊళ్ళో అందరికీ వచ్చు. కరువునాడు గుట్ట కింది వాళ్ళ మూలపురుషుడొకడు తన మందను అమ్మవారి మడుగులోకి తోలి నీళ్ళు తాపించాడట. అమ్మవారు కోపించి, మీ వంశం నడుం వంగి బతకాలని శపించిందట. మళ్ళీ ఆ వంశంలో ఎవరైనా ఆ నీళ్ళు నోట పోసుకుంటే ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణాన్ని తీసుకుంటానన్నదట. ఆ మడుగు పూడిన చోట తవ్విందే పటేలు తోటబావి.

పంతులమ్మ ఆ కథను బడిలోకి తెచ్చింది. నేను వెనక గోడకానుకుని కూర్చున్నాను. మూలపురుషుడిగా ఒకడు కూర్చుని, "గొర్లు సస్తుంటె సూసుకుంట కూసుంటనా?" అన్నాడు. దాహంతో నాలుక వేలాడేసిన గొర్రెగా ఒకడు కూర్చున్నాడు. పటేలు తాతగా కూర్చోమంటే మగపిల్లలు జంకారు, కమ్మరి వాళ్ళ పిల్ల ఒకతి చరచరా వచ్చి కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, "నాకు శాపం ఉంటేనే మంచిది. బావి కాడ జనం తగ్గుతరు," అన్నది. ఎవరూ నేర్పిన మాట కాదది.

తర్వాత అమ్మవారి వంతు. ఒక్కరూ లేవలేదు. తోడేలుగా ఏడ్చినవాడు కూడా తల దించుకున్నాడు. పంతులమ్మ కాసేపు చూసి, గోడ పక్క నుంచి వచ్చి తనే ఆ కుర్చీలో కూర్చుంది.

"నేను శపించలే," అన్నది. "తల్లిని నేను. దూపకొచ్చిన గొర్రెను కసురుతనా? నా పేరు మీద ఈ మాట ఎవరన్నరో వాళ్ళను అడుగుండ్రి."

ఆ సాయంత్రానికే ఆ మాట ఊరంతా తిరిగింది. తిరిగే మాట ఎప్పుడూ కుర్చీని వదిలేసి తిరుగుతుంది. పిల్లల పాఠంలో అన్నదని ఎవరూ చెప్పలేదు. పంతులమ్మ, అమ్మవారిని నేనే అన్నదట, అంతే.

గుట్ట కింది వాళ్ళను తోటబావికి రానివ్వమని పటేలుతో మాట్లాడే పని నేను పెట్టుకున్నాను. అతను కాదంటాడనుకుని నాలుకకు సాన పట్టుకుని మరీ వెళ్ళాను. వృథా అయింది. పంచాయితీ ఎలక్షన్లు దగ్గరపడుతున్నాయి. దయ పుట్టడానికి అంతకంటే మంచి రుతువు లేదు. "రానీయుండ్రి, నీళ్ళేమన్న తరుగుతయా?" అన్నాడు. బావి గట్టు బాగు చేయించి, కొత్త తాడు వేయించి, తోట కంచె తీయించాడు. తోటబావి అందరిదని డప్పు వేసి చాటించాడు.

మరునాడు పొద్దున ఆ బావి దగ్గరికి వచ్చింది పంతులమ్మ ఒక్కతే.

గుట్ట కింది ఆడవాళ్ళు బిందెలతో దూరంగా నిలబడి చూశారు. ఆమె చేదతో తోడి, అందరికీ కనపడేలా తల పైకెత్తి తాగింది. "ఏమన్న అయిందా? సూడుండ్రి, ఏమన్న అయిందా?" అని నవ్వుతూ అడిగింది. ఒకరి వెనక ఒకరు బిందెలు ఎత్తుకుని గుట్టబావి దారి పట్టారు. అందరికంటే వెనక ఆమె తల్లి, నడుము రెండుగా మడిచినట్టు వంగి, చేతికర్ర మీద నిలబడి ఉంది.

"అమ్మా, పిల్లకన్న ఒక బిందె తీస్కపో," అన్నది పంతులమ్మ.

"నీకేమన్న మతి పోయిందా బిడ్డా? నా పాణం తీస్కుంటనంటె గిప్పుడే రెండు బిందెలు తాగుదును. సిన్న పాణం అన్నదమ్మా ఆ తల్లి. ఇంట్ల సిన్నది ఎవరే?"

"ఆ మాట తల్లి అనలే. ఎవరో ఆమె పేరు పెట్టి చెప్పిండ్రు."

"ఎవరు చెప్తే ఏంది? ఇన్నది నేను గద. మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది. మేమంత పిచ్చోళ్ళమా? నీ సదువు నీతాన ఉంచుకో. ఆ నీళ్ళు తాగినదానివి నా గడప తొక్కకు."

ఆ సాయంత్రమే పంతులమ్మ ట్రంకుపెట్టెతో మా పక్క గదిలోకి వచ్చేసింది. పెట్టె దించి దాని మీదే కూర్చుంది. "పటేలుతోని కొట్లాట అనుకున్న అవ్వా," అన్నది. "పటేలు కంచె తీసిండు. మా అమ్మ తీస్తలేదు. మమ్ములను వంగినోళ్ళు అని చెప్పే కథను మా అమ్మ అందరికంటె బాగ చెప్తది. ఆ పిల్ల మీద ప్రేమతోని ఆ పిల్లకు విషం పోస్తది. ఆమె కుర్చీల కూసొని సూస్తే నేను గూడ తోటబావి నీళ్ళు తాపనీయను. అదే నా ఖర్మ, నాకు ఆమె దిక్కు నుంచి గూడ కనపడ్తది."

తమ్ముడు మెత్తని మనిషి. కొన్నాళ్ళు నందికొండలో డ్యాం కూలికి వెళ్ళి, తిరిగొచ్చి, అక్కడ ఏ ఊరివాళ్ళైనా ఒక్క నీళ్ళే తాగుతారనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ చెప్పాడు. "అది కిష్ణమ్మ నీళ్ళు రా, మన అమ్మవారివా?" అన్నది తల్లి. అతను కర్ర తీసుకుని మంద వెంట పోయాడు. పిల్లను మా గదిలో ఉంచి చదివిస్తానని పంతులమ్మ ఎన్నిసార్లు అడిగినా ముసలామె పంపలేదు. పిల్లకు పళ్ళు ఊడాయి, కొత్తవి వచ్చాయి. ఒకరోజు పంతులమ్మ బడి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గడపలో కూర్చుండిపోయింది. నేను అడగలేదు. చారలు పడ్డాయని ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె మెడ పట్టింది. మొదట తలగడ పడలేదనుకున్నాము. మెల్లగా మెడ తిరగడం మానేసింది. పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సి వచ్చేది. జాగా మారి చూడమని ఊరికి చెప్పిన మనిషికి పక్కకు చూడటమే కరువైంది. ఒకనాడు నేను వెనక నుంచి పిలిస్తే, గిరుక్కున కాళ్ళతో తిరిగి, "ఇప్పుడు నేను ఎటు సూసినా ఎదురుంగనే సూస్త అవ్వా. దొంగసూపు అన్నది లేదు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమెకు కూడా రాలేదనుకుంటాను.

కాళ్ళు పట్టు తప్పినప్పుడు దేవరకొండ దవాఖానకు, అక్కడి నుంచి పట్నానికి తీసుకుపోయాము. అక్కడి డాక్టరు ఎముకల ఫొటో తీయించి, ఏ ఊరు, ఏ నీళ్ళు అని గుచ్చి గుచ్చి అడిగాడు. పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్ళు ఎముకల్లో పేరుకుపోయాయనీ, మంచి నీళ్ళకు మారేసరికే ఆలస్యమైందనీ, ఇక చేసేదేమీ లేదనీ చెప్పాడు. ఇలాంటి మాట విని కళ్ళు మెరిసిన రోగిని ఆ డాక్టరు చూసి ఉండడు. "నేను అన్నదే అవ్వా! నీళ్ళే!" అన్నది. బస్సులో దారి పొడుగునా తల్లికి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది.

తల్లి మా పక్క గదికి వచ్చింది. గడప బయటే కూర్చుంది. కూతురు చెప్పిందంతా విన్నది. ఆ ముసలామెకు కూతురి మీద కోపమని ఎవరూ అనుకోవద్దు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే విన్నది. విని అన్నది:

"గుట్టబావి నీళ్ళు తాగిననాడు నీ మెడ మంచిగనే ఉండె గద బిడ్డా. తోటబావి నీళ్ళు తాగినంకనే పట్టింది. అమ్మవారి నోటి మాట నువ్వు అన్నవు, మెడల పట్టుకున్నది. సిన్న పాణం అన్నది గని, నా ముండమొయ్య, నిన్నే తీస్కుంటున్నది."

తల్లి వెళ్ళిపోయాక పంతులమ్మ పైకప్పు వైపు చూస్తూ అన్నది: "మా అమ్మ కథ గట్టిగున్నది అవ్వా. ముందు తాగిన, తర్వాత పట్టింది. ఒక్క పోగు ఊడదు. నా కథల డాక్టరున్నడు, ఎముకలున్నయి, ఎన్నో ఏండ్లున్నయి. ఎవరింటరు?"

ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు. గుట్ట కింద తనను చూసి ఒకరిద్దరైనా తోటబావికి వస్తారేమోనన్న ఆశ ఆమెకు అంతకుముందు ఏ మూలనో ఉండేది. ఇప్పుడు ఆమె దేహమే అవతలి పక్షం సాక్ష్యమైంది. పిల్లలు అల్లరి చేస్తే, "తోటబావి నీళ్ళు తాపుత, పంతులమ్మ లెక్క పడి ఉంటవు," అని బెదిరించడం నా చెవులతో నేనే విన్నాను. ఆమె కూడా విన్నది. మా కిటికీ అటే తెరుచుకుంటుంది.

పోవడానికి కొద్దిరోజుల ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "నిజం చెప్పు అవ్వా. నేను ఆ దినం కుర్చీల కూసోకపోయి ఉంటే, ఒక్కరన్న వచ్చి తాగెటోళ్ళా?"

నాకు ఎవరికైనా, దేనికైనా జవాబు చెప్పే నోరుందని పేరు. ఆ రోజు ఆమె చేతిని నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. సత్యానికి ఎప్పటికైనా గెలుపని రాసేవాళ్ళు ఉన్నారు, రాసుకోనివ్వండి. నేను మా ఊళ్ళో ఉంటాను.

చివర్లో తమ్ముడు వచ్చి ఆమెను మంచంతోనే తల్లి వాకిట్లోకి మోసుకుపోయాడు, ప్రాణం పోయిందీ అక్కడే. ఆమెను గుట్ట కింది వాళ్ళ ఆచారం ప్రకారం మట్టిలో పెట్టారు. నేను తోటబావి దాకా నడిచాను. మోకాళ్ళు అంతవరకే ఒప్పుకున్నాయి. పటేలు కంచె తీసినది తీసినట్టే ఉంది. ఎండ మండుతోందని అతని జీతగాడు బావి పక్క తొట్టి నిండా నీళ్ళు తోడి ఉంచాడు, చేసిన మంచిని మంచి అనే చెప్పాలి. పూడ్చి తిరిగి వస్తున్నవాళ్ళు ఆ తొట్టి పక్క నుంచే, దానికి కాస్త ఎడంగా జరిగి, నడిచి వెళ్ళారు. పోతూ పోతూ ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు, ఎక్కడ అమ్మవారు కుర్చీలో కూర్చుందో, ఎక్కడ మెడ పట్టుకుందో. కథకు అప్పుడే నడక కుదిరింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిట్టూర్చాలో అందరికీ తెలుసు.

తమ్ముడి కూతురు చివరన వస్తోంది. ఇప్పుడు బాగా ఎదిగింది, మేనత్త పోలికే. ఏడ్చి ఏడ్చి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తొట్టి దగ్గర ఆగి, నీళ్ళలో చేయి పెట్టింది. వేళ్ళ మధ్య నీళ్ళు కదలడం కాసేపు చూసింది. "తాగవే," అనబోయాను. అప్పటికే ఆ పిల్ల చేయి బయటికి తీసి, విదిలించి, తడి పోయేదాకా పరికిణీకి గట్టిగా తుడుచుకుంది. తర్వాత పరుగెత్తి నాయనమ్మను అందుకుంది.

తోటబావి గట్టు మీద నుంచి చూస్తే గుట్టబావి కనిపిస్తుంది. ముసలామె వంగిన నడుముతోనే చేదను పైకి లాగింది. కూర్చోబెట్టి, మనవరాలి తల మీద కొంగు కప్పి, ఎండ తగలకుండా తన నీడలోకి జరుపుకుని, దోసిట్లో పోసింది. చాలా దాహం మీద ఉంది పాపం, పిల్ల ఊపిరి తిప్పుకోకుండా తాగుతూనే ఉంది. ముసలామె పోస్తూనే ఉంది.